పాత పంపు తియ్యొద్దన్నాను

మా బామ్మర్ది మీద నాకు పగ ఎప్పుడు పుట్టిందని అడిగితే తడుముకోకుండా చెప్పగలను. పదేళ్ల కింద మిర్యాలగూడలో, రైస్ మిల్లు గేటు ముందు, వడ్ల లారీల లైనులో, మిట్టమధ్యాహ్నం పుట్టింది. నేను నా పాత లారీ బానెట్ ఎత్తి, వంగి, డీజిల్ చేతి పంపు కొడుతున్నాను. వాడు తన కొత్త లారీ దిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, పది మందికీ వినబడేలా అడిగాడు.

"బావా, పూటకు ఎన్ని లీటర్లు ఇస్తది?"

లైనంతా నవ్వింది. మాది తిరుమలగిరి దిక్కు, గొర్లూ బర్లూ మేపిన ఇల్లు. వాళ్లది కోదాడ పక్కన ఊరు, వాళ్లదీ అదే బతుకు. మా నాయనా వాళ్ల నాయనా ఒకప్పుడు ఒకే బీడులో మందలు తోలినవాళ్లే. వీడు మూడు కొత్త లారీలు కొని, మెళ్లో గొలుసు వేసుకుని, మీటింగుల్లో ముందు వరుసలో కూర్చునేసరికి పాలు పితకడం నవ్వులాట అయిపోయింది. ఆ రోజు నుంచి లైనులో నా పేరు పోయి పాలాయన అన్న పేరు వచ్చింది. టీ కొట్టు ఆమె కూడా పాలాయనకు ఒక చాయ్ అని లోపలికి కేకేసేది. ఆ చాయ్ సగం తాగి పారబోసేవాణ్ణి.

బండి సంగతి కొంచెం చెప్పాలి. నాది పాత డీజిల్ లారీ, ఆరు టైర్లది. ట్యాంకులోని డీజిల్‌ను ఇంజన్ దాకా లాగడానికి దానికి ఒక చిన్న పంపు ఉంటుంది. ఇంజన్ తిరిగితేనే అది పనిచేస్తుంది. నా బండిది అరిగిపోయింది. ఇంజన్ ఆపి అరగంట ఉంచితే చాలు, పైపులోని డీజిల్ వెనక్కి జారి గాలి పట్టేది. ఇక సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాదు. ఆ పంపు నెత్తిన ఉన్న గుబ్బను చేత్తో నలభై యాభై సార్లు ఒత్తి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి చక్కటి డీజిల్ వచ్చేదాకా చూసి, మళ్లీ బిగించాలి. అప్పుడు గానీ బండి పలకదు.

ఊరి రోడ్డు మీదైతే ఇదంతా ఎవరికీ పట్టదు. మిల్లు లైను అట్లా కాదు. కోతల కాలంలో అక్కడ లారీలూ ట్రాక్టర్లూ కిలోమీటరు పొడుగున నిలబడతాయి. ముందు బండి కదిలితే వెనకది వెంటనే కదలాలి. కదలకపోతే వెనకవాడు పక్క నుంచి కోసుకుని ముందుకు పోతాడు, సీరియల్ పోయినట్టే. నేను గుబ్బ ఒత్తుతుండగా నన్ను దాటిపోయిన బళ్లలో మా బామ్మర్ది బండి కూడా ఉంది. పోతూ పోతూ హారన్ కొట్టాడు.

కోపం చేయొచ్చు కదా అంటారు. అది కుదరదు. బావను ఆట పట్టించడం బామ్మర్ది హక్కు. పెళ్లి పందిట్లో చెప్పులు దాచిన రోజు నుంచి చచ్చేదాకా ఆ హక్కు నడుస్తుంది. బావ మొహం ముడుచుకున్నాడంటే ఓడిపోయినట్టే లెక్క, ఇంకో పదేళ్లు చెప్పుకుని నవ్వుతారు. కాబట్టి నేను నవ్వేవాణ్ణి. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టేవి. ఇంటికొచ్చి మా ఆమె మీద అరిచేవాణ్ణి. తన తమ్ముడు కాబట్టి సగం తప్పు తనదే అని నా లెక్క.

వాడు కోదాడలో ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. మా ఊరి చుట్టుపక్కల ఉన్న మా ఆమె తరఫు చుట్టాలను లారీలోనే ఎక్కించుకుని పోయాను. సరిగ్గా వాడి కొత్త గేటు ముందు, నడుస్తుండగానే గాలి పట్టి బండి ఆగింది. అడ్డంగా ఆగింది. లోపలికి వచ్చే కార్లు వెనక వరుస కట్టాయి, అందులో లీడర్ల కార్లు కూడా ఉన్నాయి. నేను ఇస్త్రీ చొక్కాతో బానెట్ కింద దూరి గుబ్బ ఒత్తుతుంటే మా బామ్మర్ది గుమ్మంలో నిలబడి, పొయ్యి మీద పాలు పొంగించడానికి పాలు ఎక్కడా అని ఎవరో అడిగితే, మా బావ బయట పితుకుతున్నాడు, వస్తున్నాయి అన్నాడు. పంతులు కూడా నవ్వాడు.

అన్నం తిన్నాక వాడు నా పక్కన కూర్చుని, ఈసారి నవ్వకుండా మాట్లాడాడు. అది ఇంకా అధ్వానం.

"బావా, దాన్ని తుక్కుకు వేసెయ్. నా బండ్లలో ఒకటి తోలుకో. అక్క గూడ నిమ్మళంగ ఉంటది."

మా ఆమె అక్కడే ఉంది. నా వైపు చూడలేదు, తమలపాకు మడుస్తూ ఉంది. అంటే వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారని నాకు అర్థమైంది. ఇరవై ఏళ్లు నా బండికి నేనే ఓనరు, నేనే డ్రైవరు. ఎవరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడలేదు. రేపటి నుంచి పొద్దున్నే వీడి గుమ్మం ముందు తాళం కోసం నిలబడాలా అనిపించింది. రోషం ఆగలేదు. ఇంకొక్కసారి నా బండి నడిరోడ్డు మీద ఆగితే ఆ రోజే తుక్కుకు వేస్తాను, మర్నాడే వచ్చి నీ బండి తోలుతాను అని నలుగురిలో అనేశాను. వాడు చెయ్యి చాపాడు. చేతిలో చెయ్యి వేశాను.

 తిరిగొచ్చి ఇంటి ముందు దిగేటప్పుడు మా ఆమె అంది.

"మాటైతే ఇచ్చినవ్. బండికి సెప్పినవా మరి?"

సూర్యాపేటలో నా బండికి మొదటి నుంచీ ఒకే మేస్త్రీ. ముసలాయన, తక్కువ మాట్లాడతాడు. పంపు మార్చడం కాదు, కరెంటు పంపు పెట్టుకోమని ఆయనే సలహా చెప్పాడు. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి ఇంజన్ తిరగకముందే డీజిల్ తోసి పెడుతుంది, గాలి పట్టే ముచ్చటే ఉండదు. నేను ఆత్రంలో బజారుకు పోయి దొరికింది తెచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది పెట్రోల్ కారుది, పన్నెండు వోల్టులది, నీ లారీ ఇరవై నాలుగు, దీన్ని పెడితే పొగ చూస్తావు అని వాపస్ పంపాడు. రెండోసారి చీటీ రాసిచ్చాడు.

ఆ పొద్దంతా షెడ్డులోనే ఉన్నాను. ఆయన పంపును బానెట్ కింద పెట్టలేదు. వెనక ట్యాంకు పక్కన, ఛాసిస్ లోపలి వైపున, ట్యాంకు కన్నా కిందికి పెట్టాడు. పైకి లాగడానికి దీనికి చాతకాదు, తొయ్యడం దీని పని అన్నాడు. అదురుకు పాడవకుండా కింద రబ్బరు ముక్కలు వేశాడు. పంపుకు ముందు చిన్న జాలీ ఫిల్టర్ పెట్టాడు, నా ట్యాంకు అడుగున ఎంత మడ్డి ఉందో ఆయనకు తెలుసు. ఎర్త్ వైరు వేసే చోట రంగు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా గీకాడు. తాళం తిప్పితేనే పంపు నడిచేలా మధ్యలో రిలే, ఫ్యూజు వేసి వైరు లాగాడు. పాత రబ్బరు పైపులు తీసి కొత్తవి వేసి, క్లిప్పులు బిగించి, ఒక్కొక్కటీ చేత్తో గుంజి చూశాడు. తర్వాత ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి నన్ను తాళం తిప్పమన్నాడు. వెనక నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. స్క్రూ దగ్గర నురగ, తర్వాత బుడగలు, తర్వాత పల్చటి ధార. ఎవరూ ఏమీ ఒత్తలేదు. నాకు ఈల వేయాలనిపించింది.

అప్పుడు ఆయన స్పానర్ తీసుకుని పాత పంపు వైపు పోయాడు. దాన్ని విప్పి, ఆ రంధ్రానికి రేకు మూత బిగించాలి. నేను అడ్డం పోయాను.

"అది తియ్యకు మేస్త్రీ. ఉండనియ్యి."

ఎందుకని అడిగాడు. చెప్పలేదు. చెప్పాలంటే సిగ్గు. నా ఆలోచన ఏమిటంటే, పాత పంపు అక్కడే ఉంటే బండికి కొత్త పంపు పెట్టినట్టు ఎవరికీ తెలియదు. మిల్లు లైనులో, మా బామ్మర్ది కళ్ల ముందు, ఆ గుబ్బ మీద ఒకే ఒక్కసారి చెయ్యి వేసి బండి స్టార్ట్ చేయాలి. వాడి నోరు అందరి ముందూ మూతపడాలి. దానికోసం నెల రోజులుగా మనసులో మాటలు కూర్చుకుంటున్నాను.

మేస్త్రీ ఒప్పుకోలేదు. పాత దాని లోపల కడ్డీ అరిగింది, కరెంటు పంపు తోసే డీజిల్ ఆ సందులోంచి ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది, ఆయిల్ పల్చబడితే బేరింగులు పోతాయి అన్నాడు. నేను వినలేదు. మూడుసార్లు చెప్పాడు. చివరికి రెండు రోజులు మాత్రమే ఉంచుతానని, మూడో రోజు తెచ్చి తీయిస్తానని నా చేత అనిపించుకుని వదిలేశాడు.

మర్నాడే గరిడేపల్లిలో వడ్లు ఎత్తి మిర్యాలగూడ లైనులో పెట్టాను. అదృష్టం కొద్దీ మా బామ్మర్ది బండి నా వెనకాల మూడోది. గంట తర్వాత లైను కదిలింది. వాడు అలవాటుగా దిగి వచ్చాడు, వాడి వెనక నలుగురు డ్రైవర్లు వచ్చారు. నేను తాపీగా బానెట్ ఎత్తాను. గుబ్బ మీద ఒక్క ఒత్తు ఒత్తాను. చెయ్యి తుడుచుకుని ఎక్కి తాళం తిప్పాను. బండి ఒక్క దెబ్బకు అందుకుంది.

"మంచి బర్రె చెయ్యి తగలంగనే పాలు చేపుతది బామ్మర్దీ. నీకు పితుకుడు రాదు, గందుకే తెల్వదు."

లైను విరగబడి నవ్వింది. ఈసారి నా తరఫున నవ్వింది. నేను వాడి మొహమే చూస్తున్నాను, అది ఎప్పుడు మాడుతుందా అని. మాడలేదు. వాడు అందరికన్నా గట్టిగా నవ్వి, కిటికీ దగ్గరికి వచ్చి నా భుజం చరిచి, గట్టోడివి బావా అన్నాడు. ఉత్తి సంబరమే వాడి మొహంలో. నా నెల రోజుల మాట నీళ్లల్లో కలిసింది.

మూడో రోజు షెడ్డుకు పోవాల్సింది. పోలేదు. వాడికి నొప్పి తగల్లేదు కదా, ఇంకోసారి చేద్దాం అనుకున్నాను. ఇంకోసారి చేశాను, వాడు చప్పట్లు కొట్టాడు. మరోసారి చేశాను, తన ఫోన్లో వీడియో తీసి మా ఆమెకు పంపాడు. ప్రతిసారీ ఈసారి మాడుతుంది అనుకుంటూ వారం గడిపాను.

ఆయిల్ చూసుకోలేదా అంటే, రోజూ చూశాను. నా మూర్ఖత్వం అక్కడే ఉంది. పాత ఇంజన్, ఆయిల్ తాగుతుంది. రెండు రోజులకోసారి లీటరు పోసేవాణ్ణి. ఆ వారం ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే నిండుగానే ఉంది, చుక్క తగ్గలేదు. మేస్త్రీ అన్నట్టు డీజిల్ దిగితే పెరగాలి కదా, పెరగడం లేదు, తగ్గడం ఆగిందంతే అని నాకు నేనే చెప్పుకున్నాను. తాగినంత మేరకు కింద డీజిల్ నిండుతోందని తట్టలేదు. పైగా కరెంటు పంపు పెట్టాక బండి ఆయిల్ తాగడం కూడా మానేసిందని మా ఆమె దగ్గర గొప్పలు పోయాను.

తొమ్మిదో రోజు గరిడేపల్లి దాటాక, నిండు లోడు మీద, ఆయిల్ ముల్లు సున్నాకు పడిపోయింది. కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఆపే లోపే ఇంజన్ బిగుసుకుంది. నడిరోడ్డు. పట్టపగలు. రెండు వైపులా వరి కోస్తున్న మనుషులు తలెత్తి చూశారు.

పావుగంటకు మా బామ్మర్ది బండి వచ్చింది, వాడూ వడ్లు అక్కడే ఎత్తాడు మరి. దిగి, ఏమీ అడక్కుండా ఆయిల్ పుల్ల తీసి వాసన చూశాడు. పాత పంపు వైపు చూశాడు. వంగి ట్యాంకు పక్కన కొత్త పంపు చూశాడు. వాడు నా దగ్గరే క్లీనర్‌గా పని నేర్చుకున్నవాడు, అన్నీ ఒక్క నిమిషంలో తెలిసిపోయాయి. పుల్ల తుడిచి దాని చోట పెట్టేశాడు. నవ్వలేదు. హమాలీలను పిలిపించి నా వడ్లు ఇంకో లారీలోకి మార్పించి, నా బండిని తాడు కట్టి సూర్యాపేట దాకా లాక్కొచ్చాడు. తాడు వెనక స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న ఆ దారంతా, వాడు నవ్వినా బాగుండేది అనుకుంటూ పోయాను.

మర్నాడు పొద్దున షెడ్డులో మేస్త్రీ ఇంజన్ కింద బోల్టు విప్పితే ఆయిల్ నల్లటి నీళ్లలా జారిపోయింది. మా ఆమె తిరుమలగిరి బస్సులో వచ్చి అప్పటికే ఒక పాత టైరు మీద కూర్చుని ఉంది. పక్క షెడ్డుల వాళ్లు కూడా చేరారు. మా బామ్మర్ది గొంతు సవరించుకుని, అందరూ వినేలా మేస్త్రీతో అన్నాడు.

"పాత పంపు తియ్యకుండ కరెంటుది ఎట్ల బిగించినవ్? ఇది నీ పని. ఇందుల మా బావ తప్పేమున్నది?"

తర్వాత నా వైపు తిరిగి, ఇది బండి ఆగినట్టు లెక్క కాదని, మేస్త్రీ తప్పుకు నీ మాట ఎందుకు పోవాలని, ఇంజన్ పని తానే చేయిస్తానని అన్నాడు. అంటూ ఎవరికీ కనబడకుండా నాకు కన్ను గీటాడు. నేను నోరు మూసుకుంటే చాలు, బండి నాది, మాట నిలిచినట్టే.

 మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

ఆ కన్నుగీటుతో నాకు ఒళ్లంతా మండింది. పదేళ్లు నన్ను పాలాయన చేసినవాడు ఇప్పుడు నన్ను కాపాడతాడట. ఇక ముందు ఆ బండి స్టీరింగ్ పట్టుకున్నప్పుడల్లా అది వాడి దయ అని గుర్తొస్తుంది. దానికోసం ముప్పై ఏళ్లుగా ఆ షెడ్డులో మంచి పేరు తెచ్చుకున్న ముసలాయన పదిమందిలో దోషి అవ్వాలి. నిజం చెబుతాను, మేస్త్రీ మీద జాలి నాకు రెండోది. మొదటిది, వాడి దయను వాడి మొహాన కొట్టే దారి దొరకడం.

"తియ్యొద్దన్నది నేను. మేస్త్రీ మూడుసార్లు సెప్పిండు, నేనే ఇనలే. ఎందుకో తెల్సా? నలుగుట్ల నిన్ను నవ్వులపాలు జేద్దామని. పదేండ్ల సంది నిన్ను సూస్తే నాకు ఒళ్లు మండుతది."

అప్పుడు మాడింది వాడి మొహం. మిల్లు లైనులో దొరకనిది షెడ్డులో దొరికింది.  వాడు అక్క వైపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అంత మనిషికి. నేను తల తిప్పుకోకుండా తృప్తిగా చూశాను. ఇప్పుడు దాచడం దేనికి, తృప్తిగానే చూశాను.

మా ఆమె లేచి వచ్చింది.

"వాడు నిన్ను నవ్వులాట పట్టిచ్చిండు గని ఎన్నడన్న చెడు కోరిండా? నీ కడుపుల గింత ఉన్నదని నాకే తెల్వకపాయె."

 తుక్కు వాళ్లకు నేనే ఫోన్ చేశాను.

మర్నాడు తెల్లవారుతూనే మొదటి బస్సుకు కోదాడ పోయాను. వాడి కొత్త ఇంటి గుమ్మం ముందు చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాను. వాడు పళ్లు తోముకుంటూ బయటికొచ్చి నన్ను చూసి ఆగిపోయాడు. ఎందుకొచ్చావని, ఆ మాట ఎవరూ పట్టుకోలేదని, లోపలికి రమ్మని బతిమాలాడు. నేను కదల్లేదు. ఏ బండో చెప్పమన్నాను. వాడు చివరికి లోపలికి పోయి తాళం తెచ్చి, నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టాడు. వంగి తీసుకున్నాను.

ఆ రోజు వాడపల్లి నుంచి సిమెంటు ఎత్తి ఖమ్మంలో దింపి వచ్చాను. పొద్దు గుంకే వేళకు తిరిగొచ్చి, బండి కడిగి, తాళం తీసుకుపోయి వాడి ముందు నిలబడ్డాను. వాడు అరుగు మీద తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"రేపు ఎన్నింటికి రావాలె సేటూ?" అని అడిగాను.

వాడు తల ఎత్తలేదు. ఇంట్లోకి వెళ్లమని నాకు సైగ చేశాడు, అన్నం తినమని. జవాబు చెప్పేదాకా కదిలేది లేదని అలాగే నిలబడ్డాను.